వంశధార గట్టు నుంచి సర్వర్ దాకా: పైథాన్‌లో క్విక్ లైబ్రరీ వాడే తీరు

హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకి ఎగువన ఒక చిన్న పెట్టె పెట్టాలనుకోండి. అందులో రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్ (ముందుముందు ‘పై’ అంటే ఇదే), నీటిమట్టం కొలిచే సెన్సర్, ఒక కెమెరా. పది సెకన్లకోసారి మట్టం, పది నిమిషాలకోసారి ఫోటో సర్వర్‌కి చేరాలి. మామూలు రోజుల్లో ఇదేం పెద్ద పని కాదు. ఒడిశా కొండల్లో వాన దంచికొట్టి వంశధార పొంగే రోజే కరెంటు పోతుంది, బ్రాడ్‌బ్యాండ్ తెగుతుంది, టవర్ సిగ్నల్ ఒక్క గీతకు పడిపోతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లాలో కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో శ్రీకాకుళం వాళ్లకి చెప్పనక్కర్లేదు. కబురు అందాల్సిన గంటలోనే లైను మొండికేస్తుంది. ఆ గంటను తట్టుకునేలా, క్విక్ అనే ప్రోటోకాల్ (యంత్రాలు డేటా పంపుకునే నియమాల కట్ట) మీద ప్రోగ్రామ్ రాయడమే ఇక్కడి పని. పైథాన్ తెలిసి, అసింక్‌ఐఓ (ఒకేసారి ఎన్నో పనులు నడిపే పైథాన్ మాడ్యూల్) అంటే కాస్త పరిచయం ఉంటే చాలు.

ఇంటర్నెట్‌లో ఎప్పట్నుంచో ఉన్న ప్రోటోకాల్ టీసీపీతో చేయకూడదా అంటే చేయొచ్చు, కానీ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది: టీసీపీలో బైట్లన్నీ ఒకే వరుసలో వెళ్తాయి. ఫోటోకి చెందిన ఒక ప్యాకెట్ (డేటా ముక్క) దారిలో పోతే, అది మళ్లీ వచ్చేదాకా దాని వెనకున్న నీటిమట్టం రీడింగ్ కూడా ఆగాల్సిందే. ఆమదాలవలసలో ఒకే లైను మీద గూడ్సు ఆగిపోతే వెనకొచ్చే పాసింజరు కూడా నిలబడిపోయినట్టు. రెండోది: టీసీపీ కనెక్షన్ అంటే రెండు ఐపీ అడ్రసులు, రెండు పోర్టుల జంట. బ్రాడ్‌బ్యాండ్ పోయి మొబైల్ డేటాకి మారగానే ఐపీ మారుతుంది, కనెక్షన్ చచ్చిపోతుంది.

క్విక్ ఈ రెండింటికీ జవాబు. గూగుల్‌లో పుట్టి, 2016 నుంచి ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ చేతిలో సాన పట్టుకుని, 2021 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 9000 అనే పత్రంగా ప్రమాణం అయింది. దాని మీద నడిచే వెబ్ ప్రోటోకాల్ హెచ్‌టీటీపీ/3 ఆ మరుసటి ఏడాది ఆర్‌ఎఫ్‌సీ 9114గా వచ్చింది. క్విక్ యూడీపీ (చేరుతుందన్న హామీ లేకుండా ప్యాకెట్లు పంపే ప్రోటోకాల్) మీద నడుస్తుంది. ఒకే కనెక్షన్లో ఎన్నో స్ట్రీమ్‌లు (విడివిడి డేటా ప్రవాహాలు) ఉంటాయి, ఒకదానిలో పోయిన ప్యాకెట్ కోసం మరొకటి ఆగదు. కనెక్షన్‌ని గుర్తుపట్టేది ఐపీ అడ్రసుతో కాదు, కనెక్షన్ ఐడీ అనే నంబరుతో. అద్దె ఇల్లు మారినా రేషన్ కార్డు నంబరు మారనట్టే ఇదీ. ఎన్‌క్రిప్షన్ చూసుకునే టీఎల్‌ఎస్ 1.3 దానిలోనే కలిసి ఉంది, ఎన్‌క్రిప్షన్ లేని క్విక్ అంటూ లేదు. అందుకే టీసీపీ మీద టీఎల్‌ఎస్ 1.3కి రెండు రానుపోనులు పట్టే చోట క్విక్‌కి ఒక్కటే చాలు.

ఏ లైబ్రరీ

మీరు గో భాషలో రాస్తే క్విక్-గో, రస్ట్ అయితే క్విన్ గాని క్లౌడ్‌ఫ్లేర్ వారి కీష్ గాని, సీలో అయితే మైక్రోసాఫ్ట్ ఎంఎస్‌క్విక్ లేదా ఎన్‌జీటీసీపీ2. అన్నీ ఓపెన్ సోర్సే. ఇక్కడ మాత్రం పైథాన్‌లోని ఎయ్ఐఓక్విక్ (aioquic) తీసుకుంటున్నాం. బీఎస్‌డీ లైసెన్సు, చదివితే అర్థమయ్యే కోడ్, ప్రోటోకాల్ తర్కాన్నీ నెట్‌వర్క్ రాతకోతల్నీ విడదీసిన కట్టుబడి. క్విక్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. వేగం విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. సెకనుకు వందల మెగాబైట్లు తోయాలంటే గో, రస్ట్ లైబ్రరీల వైపే వెళ్లాలి. పది సెకన్లకి వంద బైట్లు పంపే మన పెట్టెకి పైథాన్ బోలెడు.

ఒక మాట. కోడ్‌లోని పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి, అండర్‌స్కోర్ గీత ఉన్నచోట దాన్నీ అలాగే ఉంచాలి.

ఇన్‌స్టాల్

రెండు యంత్రాలు కావాలి: పబ్లిక్ ఐపీ ఉన్న ఒక లైనక్స్ సర్వర్ (క్లౌడ్‌లో అతి చిన్నది చాలు), గట్టు మీద పెట్టే పై. మొదట మీ ల్యాప్‌టాప్ మీదే రెండూ నడిపి చూసుకోండి. పైథాన్ 3.10 గాని ఆపైది గాని ఉండాలి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసి, దాన్ని యాక్టివేట్ చేసి, పిప్‌తో ఎయ్ఐఓక్విక్ ఇన్‌స్టాల్ చేయండి. మామూలు 64-బిట్ ల్యాప్‌టాప్‌లో నిమిషంలో అయిపోతుంది.

పై మీద కథ వేరే. ఈ లైబ్రరీలో కొంత భాగం సీ భాషలో ఉంది, ఎన్‌క్రిప్షన్ పనులు చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ముడిపడి ఉంది. మీ యంత్రానికి సిద్ధంగా కట్టిన ప్యాకేజీ దొరకకపోతే పిప్ అక్కడికక్కడే కంపైల్ చేయబోయి, హెడర్ ఫైలు లేదని పెద్ద ఎర్రరాత కక్కుతుంది. అప్పుడు ఆప్ట్‌తో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, పైథాన్3-డెవ్, ఒక సీ కంపైలర్ వేసి మళ్లీ పిప్ నడపండి. 32-బిట్ ఓఎస్ ఉన్న పాత ఎస్‌డీ కార్డుతో కుస్తీ పట్టేకంటే 64-బిట్ ఓఎస్ కొత్తగా వేసుకోవడం మేలు.

సర్టిఫికెట్

సర్వర్ తానెవరో క్లయింట్‌కి (పై మీద నడిచే ప్రోగ్రామ్‌కి) రుజువు చేసుకోవడానికి సర్టిఫికెట్ కావాలి. డొమైన్ పేరు ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ తెచ్చుకోండి. లేకపోతే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో మీరే సంతకం చేసుకున్నది చాలు. రెక్ ఉప ఆదేశానికి ఎక్స్509, నోడ్స్, డేస్ 365 ఆప్షన్లు ఇచ్చి, న్యూకీ దగ్గర ఈసీ అని, పీకీఆప్ట్ దగ్గర కర్వ్ పేరు ప్రైమ్256వీ1 అని పెట్టండి. యాడ్‌ఎక్స్‌ట్ ఆప్షన్‌తో సబ్జెక్ట్‌ఆల్ట్‌నేమ్ తప్పనిసరిగా ఇవ్వండి. అక్కడ ఇచ్చే పేరూ క్లయింట్ కనెక్ట్ అయ్యే పేరూ ఒకటే ఉండాలి. కామన్ నేమ్ ఒక్కటే పెట్టి వదిలేస్తే పాత అలవాటు పట్టి ఇస్తుంది, పేరు సరిపోలలేదని క్లయింట్ తిప్పికొడుతుంది. సర్వర్‌కి ఐపీ నంబరుతోనే కనెక్ట్ అవుతుంటే, క్లయింట్ కాన్ఫిగరేషన్లో సర్వర్_నేమ్ అనే విలువకు సర్టిఫికెట్లో ఉన్న పేరు ఇవ్వండి.

ఆర్‌ఎస్‌ఏ రకం కీ కాకుండా ఈసీ (ఎలిప్టిక్ కర్వ్) రకం ఎందుకు? ఎదుటివాడి అడ్రసు నిజమైనదని తేలేదాకా, క్లయింట్ నుంచి వచ్చినదానికి మూడు రెట్లకు మించి పంపకూడదని క్విక్‌లో సర్వర్‌కి కట్టుబాటు ఉంది. దొంగ అడ్రసు పెట్టి ఎవరిమీదకో ప్యాకెట్ల వరద వదలకుండా ఈ ఏర్పాటు. క్లయింట్ మొదటి ప్యాకెట్ కనీసం 1200 బైట్లు ఉంటుంది కాబట్టి సర్వర్‌కి దొరికే చోటు 3600. లావుపాటి ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్ల గొలుసు అందులో పట్టకపోతే ఇంకో రానుపోను వృథా. బలహీనమైన సిగ్నల్ మీద అది సెకను పైమాటే కావచ్చు. ఈసీ సర్టిఫికెట్ హాయిగా పట్టేస్తుంది.

టెస్టింగ్‌లో చాలామంది వెరిఫై_మోడ్‌ని సర్ట్_నన్ చేసి పని జరిగిందనుకుంటారు. అది అలాగే ఫీల్డ్‌కి వెళ్లిపోతుంది, అప్పుడు మధ్యలో ఎవరు కూర్చున్నా సెన్సర్‌కి తెలియదు. దాని బదులు సర్వర్ సర్టిఫికెట్ ఫైలు (కీ కాదు, సర్టిఫికెట్ మాత్రమే) రాస్ప్‌బెర్రీ పైలోకి కాపీ చేసి, క్లయింట్ కాన్ఫిగరేషన్లో లోడ్_వెరిఫై_లొకేషన్స్‌కి ఇవ్వండి. ఒక్క వరుస కోడ్‌తో పోయే పని.

గడియారం సంగతి ఇక్కడే చెప్పాలి. పై 4, అంతకుముందు వాటిలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. పై 5లో ఉన్నా బ్యాటరీ విడిగా తగిలించాలి. కరెంటు పోయి వచ్చాక నెట్ అందేలోపు పై పాత తేదీలో ఉంటుంది, సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటు కాలేదంటుంది. అందుకని సిస్టమ్‌డీ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లని మొదలుపెట్టే ఏర్పాటు) సర్వీస్ ఫైల్లో మీ ప్రోగ్రామ్ టైమ్-సింక్ టార్గెట్ తరవాతే మొదలయ్యేలా రాయండి. ఇంకా మంచిది, చవకైన ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూల్ ఒకటి తగిలించడం. వరద రీడింగ్‌కి సరైన టైము లేకపోతే ఆ రీడింగ్ ఎందుకు?

సర్వర్

క్విక్‌కాన్ఫిగరేషన్ అనే ఆబ్జెక్ట్ తయారుచేసి, ఈజ్_క్లయింట్ ఫాల్స్ పెట్టండి. ఏఎల్‌పీఎన్_ప్రోటోకాల్స్ జాబితాలో మీ ప్రోటోకాల్‌కి ఒక చిన్న పేరు ఇవ్వండి, ‘జలం-1’ లాంటిది, ఆస్కీ అక్షరాల్లో. క్లయింట్లోనూ అక్షరం తేడా లేకుండా అదే పేరు ఉండాలి. ఐడిల్_టైమౌట్ (ఇంతసేపు రాకపోకలు లేకపోతే కనెక్షన్ ముగించే గడువు) ఏమీ ఇవ్వకపోతే 60 సెకన్లు. ప్రస్తుతానికి అదే ఉంచండి. తరవాత లోడ్_సర్ట్_చైన్‌కి సర్టిఫికెట్, కీ ఫైళ్లు ఇచ్చి, సర్వ్ ఫంక్షన్‌ని అవెయిట్ చేయండి: హోస్ట్ రెండు కోలన్లు, పోర్టు 4433, కాన్ఫిగరేషన్, స్ట్రీమ్_హ్యాండ్లర్. లైనక్స్‌లో హోస్ట్ రెండు కోలన్లు అంటే మామూలుగా ఐపీవీ6, ఐపీవీ4 (కొత్త, పాత రకం ఇంటర్నెట్ అడ్రసులు) రెండింటి మీదా వింటుంది. సర్వ్ వెంటనే తిరిగొస్తుంది, ప్రోగ్రామ్‌ని పట్టి ఉంచదు. కిందన ఎప్పటికీ పూర్తికాని ఒక ఫ్యూచర్‌ని అవెయిట్ చేయకపోతే సర్వర్ లేచిన క్షణంలోనే ముగిసిపోతుంది.

స్ట్రీమ్_హ్యాండ్లర్ దగ్గర అందరూ ఒకసారి జారిపడతారు. అసింక్‌ఐఓ స్టార్ట్_సర్వర్‌కి అసింక్ ఫంక్షన్ ఇవ్వొచ్చు, అది నడుపుతుంది. ఇక్కడ అలా కుదరదు. ఎయ్ఐఓక్విక్ ఆ ఫంక్షన్‌ని మామూలుగా పిలిచి వదిలేస్తుంది. అసింక్ ఫంక్షన్ నేరుగా ఇస్తే లోపల ఒక్క వరుస కూడా నడవదు, కోరొటీన్‌ని ఎవరూ అవెయిట్ చేయలేదన్న హెచ్చరిక ఒకటి లాగ్‌లో మూల కనిపిస్తుంది. కాబట్టి మామూలు ఫంక్షన్ రాసి, రీడర్, రైటర్ తీసుకుని, లోపల క్రియేట్_టాస్క్‌తో అసలు అసింక్ పనిని మొదలుపెట్టండి. ఆ టాస్క్‌ని ఒక సెట్‌లో దాచుకోండి, లేకపోతే పైథాన్‌లో చెత్త ఏరే యంత్రాంగం (గార్బేజ్ కలెక్టర్) మధ్యలో పట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఇక అసలు పని. స్ట్రీమ్ అంటే బైట్ల ప్రవాహమే, మెసేజ్‌ల వరుస కాదు. క్లయింట్ మూడుసార్లు రాసినది సర్వర్‌కి ఒకే ముద్దగా రావచ్చు, ఒకసారి రాసినది మూడు ముక్కలుగా రావచ్చు. ల్యాప్‌టాప్ మీద పరీక్షించినప్పుడు ప్రతిసారీ చక్కగా ఒక్కొక్క మెసేజే వచ్చి మోసం చేస్తుంది. నిజమైన లైను మీదే గుట్టు బయటపడుతుంది. అందుకని హద్దు మీరే గీయాలి: ప్రతి మెసేజ్ ముందు 4 బైట్లలో దాని పొడవు, తరవాత జేసన్. సర్వర్ రీడ్‌ఎగ్జాక్ట్లీతో ముందు 4 బైట్లు, ఆపైన అక్కడ చెప్పిన పొడవుకి సరిగ్గా సరిపడా బైట్లు చదువుతుంది. పొడవు చదవగానే ఒక గరిష్ఠ హద్దుతో పోల్చండి, రీడింగ్ అయితే 4096, ఫోటో ముక్క అయితే 65536. ఈ తనిఖీ లేకపోతే తప్పుడు పొడవు ఒక్కటి వచ్చి సర్వర్ మెమరీ అంతా తినేస్తుంది. స్ట్రీమ్ ముగిసినప్పుడు ఇన్‌కంప్లీట్‌రీడ్‌ఎర్రర్ వస్తుంది. ఏ బైటూ రాకముందు వస్తే అది సాధారణ ముగింపు, మధ్యలో వస్తే తెగిన మెసేజ్.

సర్వర్ ఎవరో సెన్సర్‌కి టీఎల్‌ఎస్ చెబుతుంది, సెన్సర్ ఎవరో సర్వర్‌కి చెప్పదు. కనుక ప్రతి స్ట్రీమ్ మొదటి మెసేజ్‌లో సెన్సర్ పేరు, ఒక రహస్య టోకెన్ పెట్టించి, సర్వర్లో హెచ్‌మ్యాక్ మాడ్యూల్లోని కంపేర్_డైజెస్ట్‌తో పోల్చండి. సరిపోకపోతే ఆ కనెక్షన్ మూసేయండి.

క్లయింట్

కాన్ఫిగరేషన్ అలాంటిదే, ఈజ్_క్లయింట్ ట్రూ. కనెక్ట్ ఫంక్షన్‌ని అసింక్ విత్‌తో వాడితే చేతికి ప్రోటోకాల్ వస్తుంది. దాని మీద క్రియేట్_స్ట్రీమ్‌ని అవెయిట్ చేస్తే రీడర్, రైటర్ వస్తాయి. రీడింగ్‌లకి ఒక స్ట్రీమ్ తెరిచి, కనెక్షన్ ఉన్నంతకాలం దాన్నే వాడండి. ప్రతి ఫోటోకి మాత్రం కొత్త స్ట్రీమ్, ఫోటో అయిపోగానే క్లయింటూ సర్వరూ రైట్_ఈఓఎఫ్‌తో ఎవరి వైపు వాళ్లు ముగించేలా రాయండి.

స్ట్రీమ్ నంబర్లు చూసి కంగారుపడకండి. క్లయింట్ తెరిచే రెండు వైపుల స్ట్రీమ్‌లు 0, 4, 8, 12 అంటూ నాలుగేసి చొప్పున పెరుగుతాయి. నంబరులోని చివరి రెండు బిట్లు ఎవరు తెరిచారో, ఒకవైపుదా రెండువైపులదా చెబుతాయి. స్ట్రీమ్ తెరిచినంత మాత్రాన సర్వర్‌కి తెలియదు, మొదటి బైట్ వెళ్లాకే అక్కడ హ్యాండ్లర్ లేస్తుంది. సర్వరే ముందు పలకరించాలని రెండు వైపులా ఎదురుచూసేలా రాస్తే ఎవరూ కదలరు.

రైటర్ వాడితే రాసినది దానంతటదే బయటికి వెళ్తుంది. మీరు లోతుకి దిగి సెండ్_స్ట్రీమ్_డేటాని నేరుగా పిలిస్తే మాత్రం, ఆ వెంటనే ప్రోటోకాల్ మీద ట్రాన్స్‌మిట్ పిలవాలి. ప్రోటోకాల్ తర్కం వేరు, సాకెట్ వేరు అన్నాం కదా, ఇదే దాని ఫలితం. ట్రాన్స్‌మిట్ మరిచిపోతే డేటా బఫర్లో కూర్చుని, వేరే ఏదో టైమరు లేచినప్పుడు ఎప్పుడో బయటపడుతుంది. ‘కొన్నిసార్లు ఆలస్యంగా వెళ్తోంది’ అన్న ఫిర్యాదుకి ముందు ఇక్కడ వెతకండి.

ఇంకో చిక్కు ఉంది. రైటర్ మీద డ్రెయిన్‌ని అవెయిట్ చేస్తే లైను వేగానికి తగ్గట్టు ఆగుతుందని టీసీపీ అలవాటు చెబుతుంది. ఇక్కడ దాన్ని నమ్ముకోకండి. 200 కిలోబైట్ల ఫోటోని ఒక్కసారే రాస్తే అదంతా మెమరీలో పేరుకుంటుంది. సెకనుకు 256 కిలోబిట్లు పోయే అప్‌లింక్ మీద ఆ ఒక్క ఫోటోకే ఆరు సెకన్లు దాటుతుంది. స్ట్రీమ్‌లు వేరైనా కనెక్షన్ ఒకటే, లైను సామర్థ్యం ఒకటే, కాబట్టి ఆ ఆరు సెకన్లలో రీడింగ్ కూడా తోపులాటలో పడుతుంది. స్ట్రీమ్‌లు వేరు చేస్తే ఒకదాని నష్టం మరొకదానికి అంటదు. అంతేగాని ఇరుకు దారి వెడల్పవదు. మందు ఏమిటంటే, ఫోటోని 16 కిలోబైట్ల ముక్కలుగా పంపి, ప్రతి ముక్కకీ అందిందని సర్వర్ నుంచి ఒక చిన్న జవాబు వచ్చాకే తరవాతిది రాయడం. కొంచెం నెమ్మది. ఫోటోకి తొందర లేదు, మట్టానికే తొందర.

అందింది అంటే ఏమిటి

ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది, దీన్ని దాటేసి రాసిన ప్రోగ్రామ్‌లు సరిగ్గా వరద రోజునే రీడింగ్‌లు పోగొట్టుకుంటాయి. క్విక్ పంపే ఏసీకే (రసీదు) అంటే ఎదుటి యంత్రంలోని క్విక్ లైబ్రరీకి ప్యాకెట్ అందిందని మాత్రమే అర్థం. మీ సర్వర్ ప్రోగ్రామ్ దాన్ని చదివిందని కాదు, డిస్క్ మీద రాసిందని అసలే కాదు. ప్యాకెట్ అందిన మరుక్షణం సర్వర్ కరెంటు పోతే ఆ రీడింగ్ ఎక్కడా ఉండదు, పంపినవాడు మాత్రం పని అయిపోయిందనుకుంటాడు.

కాబట్టి పై మీద ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) ఫైలు పెట్టి, ప్రతి రీడింగ్‌కి వరుస నంబరు, టైము, మట్టం ముందు అక్కడ రాయండి. పంపడం తరవాత. సర్వర్ తన డేటాబేస్‌లో కమిట్ చేశాక అదే స్ట్రీమ్ మీద ‘ఫలానా నంబరు చేరింది’ అని తిరిగి రాస్తుంది. ఆ జవాబు వచ్చాకే పై తన వైపు ఆ నంబరుని చెరుపుతుంది. కనెక్షన్ కొత్తగా కలిసినప్పుడల్లా చెరపనివన్నీ మొదట్నుంచి పంపుతుంది. కొన్ని రెండుసార్లు వెళ్తాయి, దానికి సర్వర్ టేబుల్లో సెన్సర్ పేరు, వరుస నంబరు కలిపి యునీక్ కీ పెడితే రెండోది దానంతటదే రాలిపోతుంది. పది సెకన్లకోటి చొప్పున రోజుకి 8640 రీడింగ్‌లు, ఒక్కోటి వంద బైట్లనుకున్నా రోజంతా కలిపి తొమ్మిది లక్షల బైట్ల లోపే. వారం రోజులు లైను లేకపోయినా ఎస్‌డీ కార్డుకి బరువు కాదు. తిరిగి కలిశాక పాతవి పంపే హడావుడిలో కొత్త రీడింగ్ వెనకబడకూడదు. పాతవాటికి ఇంకో స్ట్రీమ్ తెరవండి.

ఫైర్‌వాల్, నాట్

సర్వర్లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటే 4433 పోర్టుని యూడీపీకి తెరవండి. క్లౌడ్ అయితే సెక్యూరిటీ గ్రూప్‌లో కూడా విడిగా తెరవాలి. రెండు చోట్లా టీసీపీ అని ఎంచుకుని గంటలు పోగొట్టుకోవడం సర్వసాధారణం. కాలేజీ, ఆఫీసు వైఫైల్లో యూడీపీని చాలాచోట్ల మూసేస్తారు. ల్యాబ్‌లో కనెక్ట్ కాకపోతే కోడ్ మీద పడేముందు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి చూడండి. యూడీపీ మూసేసిన చోట ఎంత చేసినా క్విక్ నడవదు గనక, అదే జేసన్‌ని హెచ్‌టీటీపీఎస్‌లో పంపే వెనకదారి కూడా రాసి ఉంచడం మంచిది. బ్రౌజర్లు కూడా హెచ్‌టీటీపీ/3 కుదరకపోతే వెనక్కి తగ్గేది ఇలాగే.

నాట్ రౌటర్లు (లోపలి అడ్రసుల్ని ఒకే పబ్లిక్ అడ్రసుగా మార్చి పంపేవి) యూడీపీ జతల్ని తొందరగా మరిచిపోతాయి, కొన్ని 30 సెకన్లకే. మన రీడింగ్ పది సెకన్లకోటి కాబట్టి ఆ బెడద లేదు. రీడింగ్ ఐదు నిమిషాలకోటి పెట్టుకుంటే మాత్రం, మధ్యలో 20 సెకన్లకోసారి ప్రోటోకాల్ మీద పింగ్‌ని అవెయిట్ చేయండి.

ఐడిల్ టైమౌట్ విషయంలో రెండు వైపులా చెప్పినవాటిలో తక్కువదే అమలవుతుంది. క్లయింట్లో 300 పెట్టి సర్వర్లో 60 వదిలేస్తే 60యే.

లైను మారినప్పుడు

ఎయ్ఐఓక్విక్ క్లయింట్ సాకెట్ ఏ ఒక్క ఐపీకీ కట్టుబడి ఉండదు. బ్రాడ్‌బ్యాండ్ పోయి మొబైల్ డేటా ఇచ్చే యూఎస్‌బీ డాంగిల్ మీదకి డిఫాల్ట్ రూట్ మారగానే తరవాతి ప్యాకెట్ కొత్త దారిలో, కొత్త అడ్రసుతో వెళ్తుంది. సర్వర్ కనెక్షన్ ఐడీ చూసి పాత మనిషేనని గుర్తుపట్టి, తన జవాబుల్ని కొత్త అడ్రసుకి మళ్లించి, ఆ అడ్రసు నిజమైనదేనని ఒక సవాలు ప్యాకెట్ పంపి తేల్చుకుంటుంది. మీరు రాయాల్సిన కోడ్ ఏమీ లేదు. మధ్యలో దారే లేని కొన్ని సెకన్లలో కూడా ప్రోగ్రామ్ కూలిపోదు, పంపినవి పోతాయి, లైబ్రరీ మళ్లీ పంపుతుంది. అయితే ఆ విరామం 60 సెకన్లు దాటితే కనెక్షన్ ముగుస్తుంది. మీ డాంగిల్ నెట్‌వర్క్ పట్టడానికి ఎంతసేపు తీసుకుంటుందో గడియారం పెట్టి కొలిచి, ఐడిల్ టైమౌట్ దానికి రెట్టింపు ఉండేలా రెండు వైపులా పెట్టండి.

ఇక్కడ ఐపీవీ6తో రెండు తిప్పలు. ఒకటి, ఈ క్లయింట్ ఐపీవీ6 సాకెట్టే తెరిచి ఐపీవీ4ని కూడా దాని మీదే నడుపుతుంది. పై కెర్నెల్లో ఐపీవీ6 పూర్తిగా ఆపేసి ఉంటే సాకెట్టే తెరుచుకోదు. రెండు, డీఎన్‌ఎస్‌లో వచ్చిన మొదటి అడ్రసునే అది పట్టుకుంటుంది. ఒక లైనుకి ఐపీవీ6 ఉండి, రెండోదానికి లేకపోతే, మారిన క్షణంలో దారి మూసుకుపోతుంది. రెండు లైన్లలోనూ ఐపీవీ6 ఉందని ఖాయంగా తెలిస్తే తప్ప డీఎన్‌ఎస్‌లో సర్వర్ పేరుకి ఐపీవీ4 అడ్రసు చెప్పే ‘ఏ’ (A) రికార్డు ఒక్కటే ఉంచండి.

గట్టు మీద పెట్టేముందు పరీక్ష

ల్యాప్‌టాప్ మీదే వరద రోజుని తయారుచేసుకోవచ్చు. లైనక్స్ టీసీ ఆదేశంతో లూప్‌బ్యాక్ (యంత్రం తనతో తాను మాట్లాడుకునే దారి) మీద నెట్‌ఎమ్ (లైనుని కావాలని చెడగొట్టే పనిముట్టు) వేసి, డిలే 80 మిల్లీసెకన్లు, లాస్ 5 శాతం ఇవ్వండి. లూప్‌బ్యాక్‌లో రెండు వైపులా ఆలస్యం పడుతుంది కాబట్టి రానుపోనుకి 160 అవుతుంది. ఫోటోలు పంపుతూ రీడింగ్ జవాబులు ఎంతసేపటికి వస్తున్నాయో లాగ్‌లో రాయండి. తరవాత లాస్ 20 చేసి చూడండి. ఆపైన రెండు నిమిషాలు 100 చేసి తిరిగి తగ్గించండి: కనెక్షన్ చచ్చి, కొత్తది లేచి, దాచినవన్నీ చేరాయో లేదో సర్వర్ టేబుల్లో వరుస నంబర్లు లెక్కపెట్టి చూసుకోండి. పరీక్ష అయ్యాక ఆ నెట్‌ఎమ్ తీసేయడం మరవద్దు. మరిచిపోతే మర్నాడు ల్యాప్‌టాప్‌లో అన్నీ పాడైనట్టే ఉంటాయి.

పని చేయకపోతే ముందు వచ్చేపోయే ప్యాకెట్లు చూపే టీసీపీడంప్ తీసి రెండు వైపులా యూడీపీ 4433 చూడండి. క్లయింట్ దగ్గర బయల్దేరి సర్వర్‌కి రాకపోతే తప్పు ఫైర్‌వాల్‌ది. సర్వర్‌కి వచ్చి జవాబే లేకపోతే సర్వర్ 127.0.0.1 (ఆ యంత్రం లోపలికే పరిమితమైన అడ్రసు) మీద వింటోందేమో చూడండి. జవాబు వెళ్లి వెంటనే కనెక్షన్ మూసుకుంటే ఎర్రర్ కోడ్ చదవండి. 256 నుంచి 511 మధ్య వచ్చిన కోడ్ టీఎల్‌ఎస్ తాలూకుది, దానిలోంచి 256 తీసేస్తే టీఎల్‌ఎస్ హెచ్చరిక నంబరు వస్తుంది. 298 అంటే 42, సర్టిఫికెట్ బాగోలేదు. 301 అంటే 45, గడువు తీరింది. 304 అంటే 48, సంతకం చేసినవారెవరో తెలియదు. 376 అంటే 120, ఏఎల్‌పీఎన్ పేర్లు కలవలేదు. ఏఎల్‌పీఎన్ తేడాకి కొన్ని లైబ్రరీలు 296, అంటే 40, హ్యాండ్‌షేక్ విఫలం అని కూడా ఇస్తాయి. 40 కనిపిస్తే ముందు ఆ పేర్ల స్పెల్లింగే చూడండి.

అంతకన్నా లోతైన చిక్కు అయితే కాన్ఫిగరేషన్లో క్విక్_లాగర్‌కి క్విక్‌ఫైల్‌లాగర్ ఇచ్చి ఒక ఫోల్డర్ చూపండి, ఆ ఫోల్డర్ ముందే ఉండాలి. వచ్చే క్యూలాగ్ ఫైళ్లని క్యూవిస్ అనే టూల్లో తెరిస్తే ఏ ప్యాకెట్ ఎప్పుడు పోయిందో బొమ్మగా కనిపిస్తుంది. ప్యాకెట్లని విప్పి చూపే వైర్‌షార్క్‌తో లోపలి డేటా చూడాలంటే సీక్రెట్స్_లాగ్_ఫైల్ ఇవ్వాలి. ఈ రెండూ గట్టు మీదకి వెళ్లే కాపీలో ఉండకూడదు: మొదటిది ఎస్‌డీ కార్డు నింపేస్తుంది, రెండోది ఎన్‌క్రిప్షన్ తాళం చెవులన్నీ ఫైల్లో రాసి పెడుతుంది.

జీరో-ఆర్‌టీటీ అనే సదుపాయం గురించి చదివి ఉంటారు, తిరిగి కనెక్ట్ అయ్యేటప్పుడు మొదటి ప్యాకెట్లోనే డేటా పంపడం. దాన్ని ఎవరైనా పట్టి మళ్లీ పంపగలరు. మన రీడింగ్‌కి యునీక్ కీ ఉంది కాబట్టి మళ్లీ వచ్చినా హాని లేదు, కానీ అదే సర్వర్ నుంచి గేటు తెరవమనే ఆజ్ఞలు కూడా నడిపే ఆలోచన ఉంటే ఆ దారిలో మాత్రం వద్దు.

చివరిగా సర్వర్ రీస్టార్ట్. సర్వర్ ప్రోగ్రామ్ ఆగి లేస్తే పాత కనెక్షన్ల జ్ఞాపకం దానికి ఉండదు, వాటి ప్యాకెట్లని పట్టించుకోదు. క్లయింట్‌కి ఆ సంగతి చెప్పేవాళ్లుండరు, ఐడిల్ టైమౌట్ దాకా గోడకేసి మాట్లాడుతూనే ఉంటుంది. టైమౌట్ పెంచితే లైను మార్పిడికి మంచిది, ఇక్కడికి చెడ్డది. కాబట్టి పంపిన రీడింగ్‌కి ‘చేరింది’ అన్న జవాబు 45 సెకన్లలో రాకపోతే, టైమౌట్ కోసం చూడకుండా పక్కన రెండో కనెక్షన్ ప్రయత్నించమని క్లయింట్‌కి రాయండి. అది కలిస్తే పాతదాన్ని మూసేయాలి, కలవకపోతే లైనే లేదన్నమాట, పాతదాన్ని అలాగే ఉంచాలి. ప్రయత్నాల మధ్య విరామం 1, 2, 4, 8 సెకన్లు అంటూ రెట్టింపు చేసుకుంటూ 60 దగ్గర ఆపండి, ప్రతిదానికీ కొద్దిపాటి యాదృచ్ఛిక ఆలస్యం కలపండి. వంశధార మీద, నాగావళి మీద ఇరవై పెట్టెలు ఉన్నాయనుకోండి, కరెంటు వచ్చిన క్షణాన ఇరవై ఒకేసారి సర్వర్ తలుపు మీద పడకుండా.